టూంగాబీ చెట్టు

మా అబ్బాయి సిడ్నీలో ఇల్లు కొన్నానని చెప్పినప్పుడు ఆ ఊరి పేరు నాకు నోరు తిరగలేదు. టూంగాబీ. ఫోన్లో మూడుసార్లు చెప్పించుకుని డైరీలో రాసుకున్నాను. ఏప్రిల్లో నేనూ మా ఆవిడా అక్కడికెళ్లి ఆరు వారాలున్నాం. తీరా చూస్తే అదేమంత పరాయి ఊరు కాదు. స్టేషన్ దగ్గర తెలుగూ తమిళమూ వినిపిస్తూనే ఉంటాయి. రైల్లో రెండు స్టేషన్లు వెళితే వెంట్‌వర్త్‌విల్, అక్కడ కరివేపాకు దొరుకుతుంది. ఇంకో రెండు వెళితే పర్రమట్టా. ఆ తర్వాత హారిస్ పార్క్, అక్కడ దోసెలు. మొదటి పది రోజులు ఈ పేర్లన్నీ నాకు కూరగాయల సంచితోనే ముడిపడి ఉండేవి.

ఒపెరా హౌస్ చూశాం, హార్బర్ బ్రిడ్జి చూశాం. వాటి గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను రాయను. నన్ను పట్టుకున్నది హైడ్ పార్క్ బ్యారక్స్. సెయింట్ జేమ్స్ స్టేషన్లో దిగితే నాలుగడుగుల్లో ఉంటుంది. మూడంతస్తుల ఇటుక భవనం, నెత్తిన గడియారం. ఖైదీల వసతి కోసం గవర్నర్ మాక్వారీ 1817లో మొదలుపెట్టించి 1819కి పూర్తి చేయించాడు. ప్లాను గీసిన ఫ్రాన్సిస్ గ్రీన్‌వే కూడా ఖైదీయే, ఫోర్జరీ కేసులో శిక్షపడి వచ్చినవాడు. ఈ పని చేసిపెట్టినందుకు అతనికి క్షమాభిక్ష దొరికింది.

పై అంతస్తులో వరుసగా గుడ్డ ఊయలలు కట్టి ఉన్నాయి. 600 మంది కోసం కట్టిన చోట కొన్నాళ్లు దానికి రెండింతల మందిని కుక్కారు. చూసేవాళ్లు కాసేపు పడుకోవచ్చంటే నేనూ ఎక్కాను. ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. మా ఆవిడ చెయ్యందించకపోతే అక్కడే ఉండేవాణ్ణి. కింద అద్దాల పెట్టెల్లో చిరిగిన చొక్కా పేలికలు, గుడ్డముక్కలు, చిన్నాచితకా వస్తువులు పెట్టారు. అవన్నీ ఇంతకాలం నిలవడానికి కారణం ఎలుకలు. చెక్క నేల కింద గూళ్లు కట్టుకోవడానికి ఈడ్చుకుపోయి దాచిపెట్టాయట. సర్కారు దాచనిదాన్ని ఎలుకలు దాచాయి.

1788 నుంచి 1868 దాకా ఆస్ట్రేలియాకి తోలిన ఖైదీలు దాదాపు 1,62,000 మంది. అందులో ఐర్లండ్ రేవుల నుంచి నేరుగా ఓడెక్కించినవాళ్లు సుమారు 40,000. మన పాత కోర్టు తీర్పుల్లో 'ద్వీపాంతరవాస శిక్ష' అనే మాట ఉండేది. చిన్నప్పుడు మా తాతయ్య దగ్గర విన్నాను. మనకి ద్వీపాంతరమంటే అండమాన్. ఐర్లండ్ వాళ్లకి ఇదిగో, మా అబ్బాయి ఈఎంఐ కడుతున్న ఈ ఊరు.

వీళ్లంతా దేశభక్తులనుకుంటే పొరపాటే. ఎక్కువమంది మామూలు దొంగతనాల మీద వచ్చినవాళ్లు. గుడ్డలు, గొర్రెలు, ఆవులు. శిక్ష ఏడేళ్లు, లేదా పద్నాలుగు, లేదా బతికినంతకాలం. ఏడేళ్లంటే తక్కువేం కాదు, ఎందుకంటే గడువు తీరాక తిరుగు ఓడ ఖర్చు ఎవడిది వాడే పెట్టుకోవాలి. పేదవాడికి ఏడేళ్లూ యావజ్జీవమూ ఒకటే. 1791లో ఐర్లండ్ నుంచి నేరుగా వచ్చిన మొదటి ఓడ పేరు క్వీన్. అందులో వచ్చినవాళ్లలో ఇరవైమంది మగాళ్లు, ఒక గర్భిణి ఆ నవంబర్లో పర్రమట్టా నుంచి చైనాకి నడిచి పోదామని బయల్దేరారు! ఉత్తరాన ఒక పెద్ద నది ఉందనీ, అది దాటితే చైనాయేననీ ఎవరో చెప్పారు. మా కోడలు ఇది విని నవ్వి, మళ్లీ ఆ గర్భిణి గుర్తొచ్చి ఆగిపోయింది.

రాత్రి భోజనాలయ్యాక నేనూ అబ్బాయీ ఫోన్లు పట్టుకుని ఇవన్నీ వెతుకుతున్నాం. ఉన్నట్టుండి వాడు, "నాన్నా, ఇది మన టూంగాబీయేనా?" అన్నాడు.

మన టూంగాబీయే. 1791 నుంచి అక్కడ సర్కారు వ్యవసాయ క్షేత్రం నడిచింది. ఖైదీల చేత చెట్లు కొట్టించి, వేళ్లు పెళ్లగించి, పైరు వేయించేవారు. (నిజానికి ఆ నేల దరుగ్ అనే ఆదివాసీ జనానిది. 1797లో పెముల్‌వుయ్ అనే వీరుడు తన మనుషులతో వచ్చి ఈ క్షేత్రం మీదే దాడి చేశాడు. ఒకరిని ఇంట్లోంచి వెళ్లగొట్టి ఆ ఇంటిని ఇంకొకడికి చెరసాల చేశారన్నమాట.) 1798లో ఐర్లండ్‌లో ఇంగ్లీషువాళ్ల మీద పెద్ద తిరుగుబాటు జరిగి అణగారిపోయింది. అందులో పట్టుబడినవాళ్లు ఓడల్లో ఇక్కడికి రావడం మొదలయ్యాక అధికారులకి నిద్ర కరువైంది. ఐరిష్ భాషలో ఇద్దరు మాట్లాడుకున్నా కుట్రేమోనని టెన్షన్. 1800లో, బల్లేలు చేసి దాచారని అనుమానం పుట్టింది. నేరం ఒప్పించడానికి, దాచిన చోటు చెప్పించడానికి కొరడా తీశారు.

మారిస్ ఫిట్జెరాల్డ్ అనే ఐరిష్ ఖైదీకి 300 దెబ్బలు. చేతులు ఒక పెద్ద చెట్టు చుట్టూ లాగి కట్టారు. కొట్టేవాళ్లు ఇద్దరు, ఒకడు కుడిచేతి వాటం, ఇంకొకడు ఎడమచేతి వాటం. కళ్లంలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ధాన్యం నూర్చినట్టు లయ తప్పకుండా కొట్టారని జోసెఫ్ హోల్ట్ రాశాడు. హోల్ట్ కూడా ఆ తిరుగుబాటులో నాయకుడే, ప్రవాసం వచ్చినవాడే. అతన్ని అక్కడ నిలబెట్టి చూపించారు. మొహం తిప్పుకుంటే జవాను వచ్చి ఇటు తిరిగి చూడమన్నాడు. గాలివాటున దూరంగా నిలబడ్డా నెత్తురూ తోలు ముక్కలూ ఎగిరివచ్చి అతని మొహాన పడ్డాయి. మధ్యలో డాక్టర్ నాడి చూసి, ఇతను పడిపోయేలోగా మీరిద్దరే అలిసిపోతారని కొట్టేవాళ్లతో అన్నాడు. ఫిట్జెరాల్డ్ ఏడవలేదు. మెడ మీద కొట్టొద్దు, సరిగ్గా వీపు మీద కొట్టండి అని మాత్రం అన్నాడు. అయ్యాక బండి దగ్గరికి నడిపించబోయిన ఇద్దరు జవాన్లని మోచేతులతో పొడిచి పడేసి, తనే ఎక్కి కూర్చున్నాడు.

తర్వాత పాడీ గాల్విన్. ఇరవై ఏళ్ల కుర్రాడు. వీపు మీద నూరు, ఇంకా చెప్పకపోతే పిరుదుల మీద నూరు, అప్పటికీ చెప్పకపోతే పిక్కల మీద నూరు. బల్లేల సంగతి అతని నోట రాలేదు. అతన్ని మాత్రం మోసుకెళ్లి బండిలో పడుకోబెట్టాల్సి వచ్చింది.

ఇక్కడికి చదివి మా అబ్బాయి ఫోన్ పక్కన పెట్టేశాడు. నేను పెట్టలేకపోయాను.

మర్నాడు పర్రమట్టా వెళ్లాం. అక్కడ మార్స్‌డెన్ పేరుతో ఒక వీధి ఉంది. శామ్యూల్ మార్స్‌డెన్ చర్చి పాదిరి, మేజిస్ట్రేటు కూడా. ఆదివారం ప్రసంగం, మిగతా రోజుల్లో కొరడా తీర్పులు. 1800 నాటి ఆ విచారణల్లో ముఖ్యుడు అతనే. అన్ని ఊళ్లలో వీధుల పేర్లు ఇలాగే పెడతారు కాబోలు, నాకు కోపం కన్నా నవ్వొచ్చింది.

ఆడఖైదీల కోసం గ్రీన్‌వే ప్లానుతోనే కట్టిన ఫిమేల్ ఫ్యాక్టరీ కూడా పర్రమట్టాలోనే, నది ఒడ్డున ఉంది. 1821లో తెరిచారు. పేరుకి ఫ్యాక్టరీ. ఉన్ని వడకడం, గుడ్డ నేయడం ఉన్నా, అదే జైలు, అదే ప్రసూతి వార్డు, అదే పెళ్లిచూపుల సావడి. పెళ్లాం కావలసినవాడు అనుమతి తెచ్చుకుని వచ్చి, వరుసలో నిలబడ్డవాళ్లలో ఒకరిని ఎంచుకునేవాడు. తప్పు చేసిన ఆడవాళ్లకి జుట్టు కత్తిరించడం శిక్ష. 1827లో తిండి తగ్గించారని వాళ్లు తలుపులు బద్దలుకొట్టి బయటపడి రొట్టెల దుకాణాల మీద పడ్డారు. సైన్యం వచ్చింది. రొట్టెలు ఒళ్లో పెట్టుకునే వెనక్కి వచ్చారట. మా ఆవిడకి ఈ యాత్ర మొత్తంలో బాగా నచ్చిన సంగతి ఇదే.

ఆదివారం అబ్బాయి కారు తీశాడు. ముందు కాసిల్ హిల్. మంచి డబ్బున్న పేట, పెద్ద పెద్ద ఇళ్లు. హెరిటేజ్ పార్కులో సర్కారు క్షేత్రం నాటి రాతి బ్యారక్స్ పునాదులు మిగిలాయి. 1804 మార్చి 4, ఆదివారం రాత్రి ఇక్కడ ఒక గుడిసెకి నిప్పంటుకుంది. అదే సైగ. 'సెయింట్ పీటర్' అనేది సంకేతపదం. నాయకుడు ఫిలిప్ కన్నింగ్‌హామ్ 1798 నాటి తిరుగుబాటుదారే, ఇక్కడ రాతిపనివాళ్లకి మేస్త్రీ. రెండొందల మందికి పైగా లేచి, దొరికిన తుపాకులు పట్టుకుని హాక్స్‌బరీ నది వైపు నడిచారు. అక్కడివాళ్లనీ కలుపుకుని పర్రమట్టా, సిడ్నీ పట్టాలని ఆలోచన.

మేజర్ జార్జ్ జాన్‌స్టన్ ముప్ఫైమందికి లోపు సైనికులని రాత్రంతా నడిపించి, తెల్లారాక తిరుగుబాటుదారులని అందుకున్నాడు. ఖైదీగా వచ్చిన కేథలిక్ ఫాదర్ డిక్సన్‌ని వెంటబెట్టుకుని, మాట్లాడుకుందాం రమ్మన్నాడు. కన్నింగ్‌హామ్ ముందుకొచ్చాడు. ఏం కావాలంటే, చావో స్వేచ్ఛో, ఇంటికి వెళ్లడానికి ఒక ఓడా అన్నాడట. జాన్‌స్టన్ పిస్తోలు తీసి అతని తలకి పెట్టాడు. సంధి మాటలకని పిలిచి! పావుగంటలో కాల్పులు ముగిశాయి. తొమ్మిదిమందిని ఉరితీశారు. వాళ్లలో కన్నింగ్‌హామ్‌ని విచారణ కూడా లేకుండా సర్కారు గిడ్డంగి మెట్లకి వేలాడదీశారు. కొందరికి కొరడా, కొందరికి కోల్ రివర్ బొగ్గు గనులు. ఫాదర్ డిక్సన్‌కి అంతకు ముందేడు ఇచ్చిన పూజ చేసుకునే అనుమతి కూడా పోయింది.

ఈ పోరుకి వినెగర్ హిల్ అనే పేరు వచ్చింది. ఐర్లండ్‌లో 1798లో వాళ్లు ఓడిపోయిన కొండ పేరు అది. స్మారకం రౌజ్ హిల్‌లోని కాసిల్‌బ్రూక్ శ్మశానంలో ఉంది. మేం వెళ్లేసరికి ఎవరూ లేరు. పువ్వులు తెచ్చి ఉంటే బాగుండేదని మా ఆవిడ అంది.

తిరుగు ప్రయాణం ఓల్డ్ విండ్సర్ రోడ్డు మీద. ఆదివారం సాయంత్రం, ట్రాఫిక్. అబ్బాయి విసుక్కుంటున్నాడు.

ఊరికి వచ్చే ముందు రోజు పొద్దున్నే, పాత క్షేత్రం ఉన్న చోటికి, టూంగాబీ వాగు పక్కన పార్కులోకి నడిచి వెళ్లాం. ఒకాయన కుక్కతో తిరుగుతున్నాడు. నీలగిరి చెట్లు, కింద రాలిన బెరడు. నేను ఒక్కో చెట్టు దగ్గరా ఆగి పైకి చూస్తున్నాను. మా ఆవిడకి అర్థమైంది. అన్నిట్లోకీ లావుగా ఉన్నదాని దగ్గరికి వెళ్లి, రెండు చేతులూ దాని చుట్టూ వేసి చూసింది. అటువైపు వేళ్లు కలిశాయి.

"ఇది కాదులెండి. ఇది చిన్నది," అంది.