కర్ర ఎత్తే చేతుల కంటే కర్ర పేర్చిన చోటు ముఖ్యం

ముషీరాబాద్, బోయిగూడ కలప డిపోల దగ్గర ముఠా (కర్ర ఎత్తి దించే కూలీల జట్టు) పని నెమ్మదిగా సాగుతోందని విసుక్కునేవారిని తరచూ చూస్తుంటాను. కలప వ్యాపారంలో లెక్కలు రాసే నాకు తోచేది వేరు. చేతులతో చేసే లోడింగ్ ఎంత త్వరగా, ఎంత తక్కువ శ్రమతో ముగుస్తుందన్నది ఎత్తేవారి బలం కంటే, తోటలో కర్రను ఎంత పొడవున కోశారు, ఎక్కడ పేర్చారు అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

ఖమ్మం, కొత్తగూడెం వైపు జామాయిల్ తోటలనే తీసుకుందాం. పచ్చి కర్ర ఘనపు మీటరుకు ఒక టన్ను తూగుతుందనుకుంటే, 10 సెం.మీ. వ్యాసం, 3 మీటర్ల పొడవు ఉన్న కర్ర దాదాపు 24 కిలోలు ఉంటుంది. వ్యాసం 20 సెం.మీ. అయితే అదే పొడవుకు బరువు 94 కిలోలవుతుంది. అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, బరువు ఒంటికి దగ్గరగా, నడుము మెలి తిరగకుండా, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడే ఒక మనిషి ఎత్తదగిన పరిమితి 23 కిలోలు. సన్న కర్రే ఆ గీత దాటుతోంది కాబట్టి లావు దుంగను ఎత్తాలనుకోవడమే తప్పు, దాన్ని దొర్లించాలి.

అనుభవం ఉన్న ముఠాలు చేసేది అదే. లారీ అంచుకు రెండు వాలు కర్రలు ఆనించి, రెండు మోకుల కొసలను లారీకే కట్టి, వాటిని దుంగ కిందుగా తిప్పి, రెండో కొసలను పైనున్నవారు లాగుతారు. మోకు మడతలో దుంగ దొర్లుతూ ఎక్కుతుంది కనుక లాగవలసిన బలం సగానికి తగ్గుతుంది. వాలు కర్ర పొడవు లారీ ఎత్తుకు మూడింతలుంటే, రాపిడిని పక్కనపెట్టి చూస్తే, దుంగ బరువులో ఆరో వంతు బలమే చాలు. కింద ఒకరు గడ్డపారతో దుంగ వెనక్కి జారకుండా కాస్తుండాలి, దుంగ దారిలో మాత్రం నిలబడకూడదు.

10 టన్నుల కర్రను మీటరున్నర ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తి 35 కిలో క్యాలరీలే, అంటే చిన్న చెంచాడు నూనెలో ఉండేంత. మరి మనుషులు అంతగా ఎందుకు అలసిపోతారంటే, వంగిన ప్రతిసారీ సొంత ఒంటి బరువునూ లేపాలి, ఆపైన నడవాలి. 24 కిలోల కర్రలతో 10 టన్నులు నింపాలంటే 400కు పైగా కర్రలు మోయాలి. దొంతర 20 మీటర్ల దూరంలో ఉంటే రానుపోను నడక మొత్తం దాదాపు 17 కి.మీ.; 5 మీటర్లలో ఉంటే 4 కి.మీ. చిల్లర. నలుగురు పంచుకున్నా ఈ తేడా చిన్నది కాదు, పైగా సగం దూరం బరువుతో, నరికిన మోళ్ల మధ్య నడవాలి.

నాకు బాధ కలిగించేదీ ఇక్కడే. కూలీ టన్నుకింత అని లెక్క కడతారు. దొంతర దూరంగా పేర్చినవారికి ఏ నష్టమూ ఉండదు, ఆ నడకంతా ముఠా ఖాతాలో పడుతుంది. కొన్ని వారాలు ఆరనిస్తే కర్ర బాగా తేలికపడుతుంది కానీ, తూకం మీద అమ్మే రైతు ఆ బరువును వదులుకోలేడు, ఆయనను తప్పుపట్టలేము. దొంతర దూరం మాత్రం ఎవరికీ నష్టం లేకుండా సరిచేయగలిగినది. లారీ నిలిచే చోటు నరకడానికి ముందే గుర్తించాలి, దొంతర దానికి 5 మీటర్లు దాటితే టన్నుకు అదనపు కూలీ ఎంతో ఒప్పందంలోనే రాసుకోవాలి.