బాల్ లేనివాళ్లను చూడు

2018 ఏప్రిల్ 1, ఆదివారం. ఈస్టర్ పండగ. మర్నాడు సోమవారం నుంచి హెచ్1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులు తీసుకుంటారు. నా ఫైలు అప్పటికే లాయర్ ఆఫీసు నుంచి కొరియర్‌లో బయల్దేరింది. అది నా రెండో ప్రయత్నం. మొదటిసారి లాటరీలో పేరు రాలేదు. రూమ్‌మేట్స్ ఇద్దరూ పొద్దున్నే పావెల్ దగ్గరున్న గుడికి వెళ్లి నా పేరున అర్చన చేయించి వచ్చారు. సాయంత్రం నేను మాత్రం కొలంబస్ డౌన్‌టౌన్‌లో నేషన్‌వైడ్ అరీనాలో, పైకప్పుకి దగ్గరగా ఉన్న వరసలో కూర్చున్నాను. పక్కన మా టెస్టింగ్ లీడ్, ఆవిడ ఒళ్లో పాప్‌కార్న్.

టికెట్ నేను కొన్నది కాదు. అమ్మాయిల కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్ ఫోర్, అంటే సెమీస్, ఫైనల్, ఆ ఏడాది కొలంబస్‌లో జరుగుతుందని తెలియగానే ఆవిడ తనకీ, వాళ్ల చెల్లెలికీ కొని పెట్టుకుంది. చెల్లెలికి తుంటి ఆపరేషన్ అయింది. ఆ సీటు నాకొచ్చింది. "స్కూల్లో ఆడానన్నావుగా, రా" అంది.

ఆడిన మాట నిజమే. మా గురుకులంలో సిమెంటు కోర్టు ఉండేది, రింగుకి నెట్ ఉండేది కాదు. జోనల్స్ దాకా వెళ్లాం. పదో తరగతి అయిపోయాక ఇంటర్‌కి హైదరాబాద్‌లో చేర్చారు. అక్కడ నాలుగంతస్తుల బిల్డింగే కాలేజీ. గ్రౌండ్ ఎక్కడని అడిగితే వార్డెన్ నవ్వింది. నా ఆట అక్కడితో సరి.

ఆవిడ అయోవాలో పుట్టి పెరిగింది, చుట్టూ మొక్కజొన్న చేలున్న ఓ చిన్న ఊళ్లో. నేను ప్రాజెక్టులో చేరేటప్పటికే అరవై దాటాయి. మా అమ్మకంటే పెద్ద మనిషిని పేరు పెట్టి పిలవడానికి నోరు రాక, మొదటి రెండు నెలలూ 'ఎక్స్‌క్యూజ్ మీ' అంటూ నెట్టుకొచ్చాను. అంతకు ముందంతా నేను బెంచ్ మీద ఉన్నాను. బెంచ్ అంటే మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. జీతం లేదు, ప్రాజెక్టు లేదు, చదువయ్యాక పని చేసుకోవడానికిచ్చే ఓపీటీలో ఖాళీగా ఉండటానికి ఇచ్చిన 90 రోజుల్లో ఎన్ని అయిపోయాయో క్యాలెండర్‌లో కొట్టుకుంటూ పోవడమే. ఆవిడకి ఈ సంగతి చెప్తే మొదట అర్థం కాలేదు. "బెంచ్ మీద కూర్చున్నా యూనిఫాం ఇస్తారు కదా?" అంది. మాకు అదీ లేదన్నాను.

హైస్కూల్లో తను ఆడిన ఆట గురించి లంచ్‌లో చెప్పింది. అయోవాలో అమ్మాయిలకి అప్పట్లో బాస్కెట్‌బాల్ వేరేగా ఉండేది. జట్టుకి ఐదుగురు కాదు, ఆరుగురు. ముగ్గురు ఫార్వర్డ్‌లు, ముగ్గురు గార్డులు. కోర్టు మధ్యలో గీత ఉంటుంది, అటువాళ్లు ఇటు రాకూడదు, ఇటువాళ్లు అటు పోకూడదు. బాల్ చేతికొస్తే రెండుసార్లే నేలకి కొట్టాలి, మూడోసారి కొడితే తప్పు. ఆడపిల్లలు అంతకంటే ఎక్కువ పరుగెత్తితే ఒంటికి మంచిది కాదని పెద్దవాళ్ల నమ్మకం. అలాంటి ఆటకే రాష్ట్ర పోటీలప్పుడు డీమోయిన్‌లో హాలు నిండిపోయేది. 1993 దాకా అయోవాలో అలాగే ఆడారు.

"నేను గార్డుని. నాలుగేళ్లు ఆడాను. నా పేరు మీద ఎన్ని పాయింట్లో తెలుసా?" అని సున్నా చుట్టి చూపించింది. గార్డులు షాట్ వేయడానికే లేదు. బాల్ లాక్కోవాలి, గీత దాకా తేవాలి, అవతల ఉన్న ఫార్వర్డ్ చేతికివ్వాలి. తర్వాత గీత దగ్గర నిలబడి చూడాలి. నాకు ఎందుకో మా ఆఫ్‌షోర్ టీమ్ గుర్తొచ్చింది. పైకి అనలేదు.

శుక్రవారం సెమీస్‌కి కూడా ఆవిడతోనే వెళ్లాను. రెండు మ్యాచ్‌లూ స్కోర్లు సమమై ఓవర్‌టైమ్‌కి పోయాయి. మొదటిదాంట్లో మిసిసిపీ స్టేట్ లూయివిల్‌ని 73-63తో ఓడించింది. రెండోది నోటర్‌డామ్, యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) మధ్య. యూకాన్ ఆ సీజన్‌లో అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, 36కి 36 గెలిచి వచ్చింది. నోటర్‌డామ్‌కేమో మోకాలి లిగమెంట్ తెగి నలుగురు ఆటగాళ్లు కూర్చుండిపోయారు. ఓవర్‌టైమ్‌లో స్కోరు 89-89. సెకను మిగిలుండగా నోటర్‌డామ్ అమ్మాయి ఆరికే ఓగున్‌బోవాలే గాల్లోకి లేచి వేసిన షాట్ లోపల పడింది. 91-89. ఆ రాత్రి బాస్కెట్‌బాల్ స్టార్ కోబీ బ్రయంట్ కూడా కూతురు జియానాని తీసుకుని అదే అరీనాలో ఉన్నాడని తర్వాత తెలిసింది.

ఆ అమ్మాయి పేరు గురించి ఒక మాట చెప్పాలి. వాళ్ల నాన్న నైజీరియా నుంచి వచ్చినాయన. ఆరికే పుట్టింది మిల్వాకీలో. ఆఫీసులో నా ఇంటిపేరు చూడగానే జనం ఆగిపోతారు, ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తారు. అక్కడ మాత్రం అరీనా అనౌన్సర్ 'ఓగున్‌బోవాలే' అని ప్రతి అక్షరం స్పష్టంగా లాగి లాగి అన్నాడు. పక్క వరసలో బీరు గ్లాసు పట్టుకున్న పెద్దాయన కూడా తప్పులేకుండా అరిచాడు. అంటే నేర్చుకోవాలనుకుంటే వస్తుందన్నమాట.

ఆదివారం ఫైనల్. నోటర్‌డామ్ రెండో క్వార్టర్ మొత్తంలో వేసినవి మూడంటే మూడు పాయింట్లు. సగం ఆటకి 30-17తో వెనకబడింది. మూడో క్వార్టర్‌లో ఒక దశలో తేడా 15. నేను ఫోన్ తీసి మెయిల్ చూసుకుంటున్నా, ఈస్టర్ రాత్రి లాయర్ మెయిల్ పెడతాడన్నట్టు. ఆవిడ మోచేత్తో పొడిచింది. "బాల్ ఎవరి దగ్గరుందో చూడకు. బాల్ లేనివాళ్లను చూడు."

చూడటం మొదలుపెడితే మొదట ఏమీ కనపడలేదు. కళ్లు బాల్ వెంటే పోతాయి. కాసేపటికి ఒక్కొక్కటీ తెలిసొచ్చింది. మిసిసిపీ స్టేట్‌లో టియెరా మెకోవన్ అనే ఆరడుగుల ఏడంగుళాల అమ్మాయి రింగు కింద ఉంది. ఆమెకి బాల్ అందకుండా ముందే దారికి అడ్డంగా నిలబడుతున్నారు. ఒకరు ముందు, ఒకరు వెనక. పాస్ ఇవ్వాలనుకున్న పిల్ల చెయ్యెత్తి మళ్లీ దించుకుంటోంది. ఇవేవీ స్కోర్‌బోర్డు మీద పడవు. మూడో క్వార్టర్ అయ్యేసరికి 41-41. "చూశావా" అంది, తనే వేసినట్టు.

చివరికి 58-58. మూడు సెకన్లు మిగిలాయి. జాకీ యంగ్ గీత బయట నుంచి బాల్ అందించింది. ఓగున్‌బోవాలే అందుకుని సైడ్ లైన్ వైపు పరుగెత్తి, ఒంటి కాలి మీద లేచి, బ్యాలెన్స్ పోతూనే త్రీ, అంటే దూరం నుంచి మూడు పాయింట్ల షాట్, వేసింది. బాల్ గాల్లో ఉన్నంతసేపూ అంత పెద్ద హాల్లో చప్పుడు లేదు. నెట్‌లో పడ్డాక గడియారం 0.1 దగ్గర ఆగింది. 61-58. సెకనులో పదో వంతు. 15 పాయింట్లు వెనకబడి ఫైనల్ గెలిచిన జట్టు అంతకుముందు లేదు. నేను సీటు మీద ఎక్కి నిలబడ్డాను. కిందికి చూస్తే ఆవిడ కూర్చునే ఉంది, చప్పట్లు కొడుతోంది, చూపు మాత్రం ఓడిన జట్టు బెంచ్ మీద ఉంది.

మిసిసిపీ స్టేట్ అంటే ఆవిడకి అభిమానం ఎందుకో సోమవారం క్యాంటీన్‌లో చెప్పింది. అంతకు ముందు ఏడాది, 2017 మార్చి 31న, డాలస్‌లో సెమీస్. యూకాన్ వరసగా 111 మ్యాచ్‌లు గెలిచి ఉంది. 2016లో ఇదే మిసిసిపీ స్టేట్‌ని 98-38తో చిత్తు చేసింది, అరవై పాయింట్ల తేడా. అలాంటి జట్టు మీద ఓవర్‌టైమ్‌లో బజర్ మోగుతుండగా మోర్గన్ విలియమ్ షాట్ వేసి 66-64తో గెలిపించింది. ఆ అమ్మాయి ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. "నీ అంతే" అంది ఆవిడ. నాకంటే అంగుళం ఎక్కువే, కానీ ఊరుకున్నాను. రెండు రోజులకే ఫైనల్లో సౌత్ కరోలినా చేతిలో ఆ జట్టు ఓడిపోయింది. షాట్ గుర్తున్నవాళ్లకి చాలామందికి అది గుర్తుండదు.

నాకు నచ్చింది మాత్రం 1994 కథ. రిచ్‌మండ్‌లో ఫైనల్. నార్త్ కరోలినా 57, లూసియానా టెక్ 59. మిగిలింది 0.7 సెకను. రెండు పాయింట్లు వేసి టై చేస్తే ఓవర్‌టైమ్ ఉంది, అది భద్రమైన దారి. కోచ్ సిల్వియా హాచెల్ త్రీ వేయమంది. స్టెఫనీ లారెన్స్ గీత బయట నుంచి పాస్ ఇచ్చింది, షార్లట్ స్మిత్ అందుకుని వదిలింది. 60-59. ఆ మ్యాచ్‌లో షార్లట్ స్మిత్ 23 రీబౌండ్లు, అంటే గురి తప్పి వెనక్కొచ్చిన బాల్స్, పట్టింది. మా లీడ్ లెక్కలో అసలు ఆట ఆ 23. షాట్ కొసరు. ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. ఓవర్‌టైమ్ చేతిలో ఉండి కూడా అంత తక్కువ టైమ్‌లో గెలుపుకే వెళ్లడం చిన్న విషయమా?

ఇంకొకటి, డంక్, అంటే ఎగిరి బాల్‌ని చేత్తోనే రింగులోకి కొట్టడం. అమ్మాయిల కాలేజీ ఆటలో మొట్టమొదటి డంక్ వెస్ట్ వర్జీనియా ప్లేయర్ జార్జియాన్ వెల్స్‌ది, 1984 డిసెంబర్ 21న, ఎల్కిన్స్ అనే చిన్న ఊళ్లో. వీడియో తీసింది ఎదుటి జట్టు. ఆ జట్టు కోచ్ టేపు ఎవరికీ ఇవ్వలేదు. చేతిలో సాక్ష్యం లేదు, నమ్మినవాళ్లు నమ్మారు. ఆయన పోయాక 2009లో ఆయన కొడుకు దగ్గర టేపు బయటపడింది. పాతికేళ్లు. దీని గురించి ఆవిడ ఎక్కువ మాట్లాడలేదు, "కోచ్‌కి సిగ్గనిపించి ఉంటుంది" అని కాఫీ కప్పు తీసుకుని లేచింది.

ఆ ఏడాది 85,000 వీసాలకి 1,90,098 దరఖాస్తులు వచ్చాయి. మే చివర్లో కన్సల్టెన్సీ నుంచి ఒక లైను మెయిల్ వచ్చింది, నాది లాటరీలో ఎంపికయిందని. క్యాంటీన్‌లో ఆవిడే కేక్ తెచ్చింది.

తర్వాత ఎప్పుడో అడిగాను, ఇన్నేళ్లలో చూసినవాటిలో అన్నిటికంటే గొప్ప షాట్ ఏదని. 0.1, 0.7 లాంటిదేదో చెప్తుందనుకున్నా. సిన్సినాటిలో 2014 నవంబర్ 2న పడిన లేఅప్ అంది, రింగు దగ్గరికెళ్లి మెల్లగా వేసే మామూలు షాట్. లారెన్ హిల్ అనే అమ్మాయి, మౌంట్ సెయింట్ జోసెఫ్ యూనివర్సిటీలో ఫ్రెష్‌మన్, మొదటి ఏడాది. మెదడులో ఆపరేషన్‌కి లొంగని ట్యూమర్. ఒక్క కాలేజీ మ్యాచ్ అయినా ఆడాలని కోరిక. మ్యాచ్ అనుకున్నదానికంటే రెండు వారాలు ముందే పెట్టారు, చిన్న కాలేజీ మ్యాచ్‌కి పెద్ద అరీనా తీసుకున్నారు, 10,250 మంది వచ్చారు. ఆమెది కుడిచేతి వాటం. జబ్బు వల్ల ఆ చెయ్యి మాట వినదు. ఎడమ చేత్తో లేఅప్ వేసింది. మ్యాచ్‌లో మొదటి రెండు పాయింట్లు అవే. 2015 ఏప్రిల్‌లో చనిపోయింది.

"ఎదుటి జట్టు, హైరమ్ కాలేజీ పిల్లలు, అడ్డుపడలేదు" అంది ఆవిడ. "గార్డుకి అదెంత కష్టమో నీకు తెలీదు. ఒళ్లు దానంతటదే ముందుకి పోతుంది. ఆపుకుని నిలబడ్డారు." ఆ రోజు మళ్లీ టెస్ట్ కేసుల గురించి మాట్లాడుకోలేదు.

కోవిడ్ తర్వాత ఆవిడ రిటైరై అయోవా వెళ్లిపోయింది. నేను ఇంకా కొలంబస్‌లోనే, గ్రీన్‌కార్డ్ క్యూలో. అంతలో అయోవా యూనివర్సిటీ జట్టుకి కేట్లిన్ క్లార్క్ దొరికింది. 2024 ఫిబ్రవరి 15న మిషిగన్ మీద ఎక్కడో కోర్టు లోగో దగ్గర నుంచి త్రీ వేసి అమ్మాయిల కాలేజీ ఆటలో కెల్సీ ప్లమ్ పేరున ఉన్న మొత్తం పాయింట్ల రికార్డు 3,527 దాటేసింది. ఆ మ్యాచ్‌లో 49 పాయింట్లు. దేశమంతా ఆ అమ్మాయి పేరే. ఆవిడ దగ్గర నుంచి మెసేజ్ వస్తుందని చూశాను. మర్నాడు వచ్చింది: "స్క్రీన్లు పెట్టేవాళ్లని చూస్తున్నావా?" స్క్రీన్ అంటే తోటి ప్లేయర్‌కి దారి చేయడానికి ఎదుటివాళ్లకి అడ్డంగా కదలకుండా నిలబడటం.

ఏప్రిల్ 5న క్లీవ్‌లాండ్‌లో సెమీస్, అయోవా, యూకాన్. మాకు రెండు గంటల డ్రైవ్, కానీ టికెట్ ధర చూసి ఇంట్లో టీవీ ముందు కూర్చున్నా. అయోవా ఒక్క పాయింటు ముందుంది, దాదాపు నాలుగు సెకన్లు మిగిలున్నాయి, బాల్ యూకాన్ చేతిలో. యూకాన్ అమ్మాయి ఆలియా ఎడ్వర్డ్స్ స్క్రీన్ పెట్టింది, అయోవా అమ్మాయి గాబీ మార్షల్ వచ్చి గుద్దుకుంది, రిఫరీ విజిల్ మోగింది. కదులుతూ స్క్రీన్ పెట్టినందుకు ఫౌల్. బాల్ అయోవాకి పోయింది, మ్యాచ్ 71-69తో అయిపోయింది. క్లార్క్ కాదు, షాట్ కాదు. బాల్ లేని ఇద్దరి మధ్య జరిగిన తోపులాట. అంత చివర్లో ఆ ఫౌల్ ఇవ్వొచ్చా అని అన్ని చానెళ్లలోనూ ఒకటే గొడవ.

నేను రీప్లే నాలుగుసార్లు చూసి, అది ఫౌల్ కాదని ఆవిడకి మెసేజ్ పెట్టాను. రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది. హలో కూడా లేదు.

"మోచెయ్యి చూశావా?"

"చూశాను. ఆటలో అది మామూలే."

"కాళ్లు చూశావా?"

చూడలేదు. ఐదోసారి పెట్టాను.