లంచ్ టేబుల్ మీద లైన్‌బ్యాకర్లు

2014 సెప్టెంబర్‌లో పిట్స్‌బర్గ్‌లో ఉద్యోగంలో చేరాను. మొదటి సోమవారం పొద్దున ఆఫీసులో ఎవరి నోట విన్నా ముందురోజు అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ముచ్చటే. పుట్టిన దగ్గర్నుంచి క్రికెట్ తప్ప వేరే ఆట తెలియని నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పెన్ హిల్స్‌లో మన వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్తే అక్కడా అంతే. దర్శనం చేసుకుని, కింద పులిహోర తిని, ఒంటిగంట ఆటకి ఇల్లు చేరాలని తొందరపడే మనవాళ్లు బోలెడుమంది.

నా పక్క సీటులో ఒక పెద్దాయన ఉండేవాడు. నాకంటే పాతికేళ్లు పెద్ద. వాళ్ల నాన్న ఉక్కు మిల్లులో కార్మికుడు. 1980ల్లో మిల్లులు మూతపడ్డప్పుడు ఆ ఇల్లు చాలా కష్టాలు పడిందట. ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్ అంటే ఆయనకి ఇంట్లో మనుషులతో సమానం. నా మొహం చూసి జాలిపడ్డాడేమో, ఒకరోజు లంచ్‌లో కెచప్ ప్యాకెట్లు నాలుగు వరసగా పేర్చాడు. అవి ఎదుటి జట్టుని ఆపే ముందు వరస. వాటి వెనక కాస్త జాగా వదిలి మూడు మస్టర్డ్ ప్యాకెట్లు పెట్టాడు. ఎదురుగా ఉప్పు డబ్బా. అది క్వార్టర్‌బ్యాక్, అంటే ఎదుటి జట్టు ఆటని నడిపిస్తూ బంతి విసిరేవాడు.

"ఈ పసుపు ప్యాకెట్లే లైన్‌బ్యాకర్లు. వీళ్లని చూడు చాలు, ఆట అర్థమవుతుంది" అన్నాడు.

ఉప్పు డబ్బా కదలగానే ఆ ముగ్గురూ రెప్పపాటులో తేల్చుకోవాలి. బంతి పట్టుకుని మధ్యలోంచి దూసుకొచ్చేవాణ్ని ఆపాలా, వెనక్కి పరిగెత్తి పాస్‌కి అడ్డం పడాలా, నేరుగా క్వార్టర్‌బ్యాక్ మీదికే ఉరకాలా? ఒకడు పొరపడితే ఆ ఖాళీని పక్కవాడు పూడ్చాలి. ముందు నలుగురు, వెనక ముగ్గురుంటే 4-3. ఒక కెచప్ ప్యాకెట్ తీసేసి ఒక మస్టర్డ్ ప్యాకెట్ చేరిస్తే 3-4. కబడ్డీ చూసినవాణ్ని కాబట్టి గొలుసు కట్టి కాచుకోవడం నాకు కొత్త కాదు. పైగా మాది ప్రొడక్షన్ సపోర్ట్ పని. రాత్రి రెండింటికి ఒకడు అలర్ట్ చూసుకోకపోతే పక్కవాడు అందుకోవాలి, లేకపోతే తెల్లారేసరికి అందరి కొంపా మునుగుతుంది.

అలా మొదలైన చర్చ ఏళ్ల తరబడి సాగింది. చరిత్రలో అన్నిటికంటే గొప్ప లైన్‌బ్యాకర్ల బృందం ఏది?

ఆయన దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధం. 1970ల నాటి స్టీలర్స్: జాక్ హామ్, జాక్ లాంబర్ట్, ఆండీ రస్సెల్. హామ్ ఇక్కడికి దగ్గర్లోని జాన్స్‌టౌన్ పిల్లాడే. లాంబర్ట్‌ది ముందు పళ్లు లేని నవ్వు, ఆ ఫొటో చూస్తే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది. 1976లో మొదటి ఐదు ఆటల్లో నాలుగు ఓడిపోయి, ఆ తర్వాత వరసగా తొమ్మిది గెలిచారు. ఆ తొమ్మిదింటిలో ప్రత్యర్థులకి ఇచ్చింది మొత్తం 28 పాయింట్లు. ఐదు ఆటల్లో అసలు సున్నా. ఈ లెక్క విన్నాక నోరెత్తడం కష్టమే.

అయినా నా ఓటు వేరే. న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ జట్టులో 'డోమ్ పెట్రోల్' అని పేరుపడిన నలుగురికి: రికీ జాక్సన్, వాన్ జాన్సన్, శామ్ మిల్స్, పాట్ స్విల్లింగ్. 1986 నుంచి 1992 దాకా కలిసి ఆడారు. ఆ జట్టు పుట్టిన ఇరవై ఏళ్లలో ఓటములకంటే గెలుపులు ఎక్కువున్న సీజన్ ఒక్కటీ లేదు. వీళ్లు కలిసిన రెండో ఏడాదే, 1987లో, ఆ ముచ్చట తీరింది. 1991, 1992ల్లో లీగ్ మొత్తంలో అందరికంటే తక్కువ పాయింట్లు ఇచ్చిన జట్టు వాళ్లదే. 1992 సీజన్‌కి నలుగురూ లీగ్‌లో మేటి ఆటగాళ్లు ఆడే ప్రో బౌల్‌కి ఎంపికయ్యారు. ఒకే జట్టు లైన్‌బ్యాకర్లు నలుగురు అలా వెళ్లడం అదే మొదటిసారి.

"కప్పేది?" అంటాడు పెద్దాయన. నిజమే. నాలుగుసార్లు ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ చివరి నాకౌట్ ఆటలకి, వెళ్లి నాలుగుసార్లూ మొదటి ఆటలోనే ఇంటిముఖం పట్టారు. స్టీలర్స్‌కి అప్పట్లో ఆరేళ్లలో నాలుగు సూపర్ బౌల్‌లు, అంటే లీగ్ ఫైనల్ గెలుపులు. కానీ హామ్, లాంబర్ట్‌ల ముందు వరసలో జో గ్రీన్ ఉన్నాడు, వెనక పాస్‌లు అడ్డుకునే మెల్ బ్లౌంట్ ఉన్నాడు. సెయింట్స్ నలుగురికీ ముందూ వెనకా అంతటి దన్ను లేదు. బరువంతా వాళ్లే మోశారు. నేను తూచేది లైన్‌బ్యాకర్లని, మొత్తం జట్టుని కాదు.

మూడో స్థానం 1969 కాన్సస్ సిటీ చీఫ్స్‌కిస్తాను. బాబీ బెల్, విల్లీ లానియర్, జిమ్ లించ్. లానియర్, లించ్ ఇద్దరూ 1967 డ్రాఫ్ట్‌లో (జట్లు కాలేజీ ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) రెండో రౌండ్‌లో వచ్చినవాళ్లే, మధ్య స్థానం కోసం పోటీపడినవాళ్లే. ఆ స్థానం లానియర్‌కి దక్కింది, లించ్ పక్కకి జరిగాడు. ఒకరు నల్లజాతి, ఒకరు తెల్లజాతి. జట్టు ఊళ్లు తిరిగేటప్పుడు ఒకే గది పంచుకున్నారు, జీవితాంతం స్నేహితులుగా ఉన్నారు. 1986 న్యూయార్క్ జెయింట్స్‌ది నాలుగో స్థానం. లారెన్స్ టేలర్ అంతటివాడు మళ్లీ పుట్టలేదు, కానీ ఆయన పక్కన హ్యారీ కార్సన్, కార్ల్ బ్యాంక్స్ చేసింది ఎవరికీ కనపడకుండా పోతుంది. 1985 షికాగో బేర్స్, 2000 బాల్టిమోర్ రేవెన్స్ ఆ తర్వాతే.

ఇంతకీ సెయింట్స్ మీద నాకెందుకింత ప్రేమంటే, శామ్ మిల్స్ వల్ల. 2017లో మా ప్రాజెక్టు మూసేశారు. చేతిలో అట్టపెట్టె, వీసాకి అరవై రోజుల గడువు, ఇంట్లో ఏడు నెలల పాప. లోపల ఒకటే టెన్షన్. ఆ రోజు పెద్దాయన నన్ను కారు దాకా సాగనంపుతూ ఈ కథ చెప్పాడు. మిల్స్ ఎత్తు ఐదడుగుల తొమ్మిదంగుళాలు. లైన్‌బ్యాకర్‌కి అది చాలదని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. క్లీవ్‌లాండ్ జట్టు పంపేసింది. కెనడా వెళ్తే టొరంటో జట్టూ పంపేసింది. న్యూజెర్సీలో ఒక హైస్కూల్లో పిల్లలకి ఫొటోగ్రఫీ చెప్పుకున్నాడు. కొత్తగా పెట్టిన యూఎస్‌ఎఫ్‌ఎల్ అనే మరో లీగ్‌లో ఫిలడెల్ఫియా స్టార్స్‌కి ఆడే అవకాశం దొరికింది. అక్కడి కోచ్ జిమ్ మోరా 1986లో సెయింట్స్‌కి వెళ్తూ ఇతణ్ని వెంట తీసుకెళ్లాడు.

ఇంతే చెప్పి భుజం తట్టి వెళ్లిపోయాడు. ధైర్యం చెప్పే మాటలేమీ అనలేదు. ఆ అరవై రోజులూ అర్ధరాత్రి రెజ్యూమేలు పంపుతూ, మధ్యలో ఆ నలుగురి పాత ఆటలు చూశాను. యాభై రెండో రోజున ఇదే ఊళ్లో ఉద్యోగం దొరికింది.

మిల్స్ 2005లో క్యాన్సర్‌తో పోయాడు. అప్పటికి నలభై ఐదేళ్లే. ఫుట్‌బాల్ మహామహుల విగ్రహాలు పెట్టే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు 2022లో గానీ రాలేదు. ఆ తర్వాతి వేసవిలో పెద్దాయనా నేనూ ఆ హాల్ ఉన్న ఒహాయోలోని క్యాంటన్‌కి వెళ్లాం, కారులో రెండు గంటల లోపే. కంచు విగ్రహాల గదిలో ఆయన తిన్నగా లాంబర్ట్ దగ్గరికి, నేను మిల్స్ దగ్గరికి. మిల్స్ మొహంలో నవ్వు లేదు, అలాగని కోపమూ లేదు. చాలాసేపు నిలబడ్డాను. కాసేపటికి ఆయన కూడా వచ్చి పక్కన నిలబడి, "జాక్సన్ మా పిట్ యూనివర్సిటీలోనే ఆడాడు, మర్చిపోకు" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఒహాయో సరిహద్దు దాటేదాకా ఆయన బాధంతా ఒక్కటే: హామ్ ఉన్నాడు, లాంబర్ట్ ఉన్నాడు, వాళ్ల పక్కన రస్సెల్‌కి ఆ గదిలో చోటెందుకు లేదని. ఆ మాటలో మాత్రం నేనూ ఆయన పక్షమే.