ఫలితం ముందే తెలిసిన రాష్ట్రంలో అధ్యక్షుడికి ఓటెందుకు?

కాలిఫోర్నియాలో ఉంటూ అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఓటు వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే అని పౌరసత్వం వచ్చిన మన మిత్రులు చాలామంది అంటుంటారు. ఆ మాటను బద్ధకం కింద కొట్టిపారేయడం నాకు న్యాయంగా తోచదు, ఎందుకంటే దాని వెనుక గట్టి లెక్కే ఉంది. అక్కడ అధ్యక్షుడిని తేల్చేవి ఒక్కో రాష్ట్రానికి ఇన్నని కేటాయించిన ఎలక్టోరల్ ఓట్లు. దేశం మొత్తం మీద అవి 538, గెలుపుకు కావలసినవి 270. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగిలిన 48 రాష్ట్రాల్లోనూ ఒక్క ఓటు ఆధిక్యంతో గెలిచినా, లక్షల ఆధిక్యంతో గెలిచినా ఆ రాష్ట్రపు ఎలక్టోరల్ ఓట్లన్నీ గెలిచినవారికే పోతాయి. 2020లో కాలిఫోర్నియాలో బైడెన్ ఆధిక్యం 51 లక్షలు. ఆయనకు ఓటు వేసినవారిలో 50 లక్షల మంది ఆ రోజు ఇంట్లోనే కూర్చున్నా రాష్ట్రం ఆయనదే.

ఆండ్రూ గెల్మన్, నేట్ సిల్వర్, ఆరన్ ఎడ్లిన్ అనే పరిశోధకులు 2008 ఎన్నికలకు సంబంధించి ఈ విషయాన్నే గణించారు. ఒక ఓటు దేశాధ్యక్షుడిని నిర్ణయించే అవకాశం సగటున 6 కోట్లలో ఒకటి అనీ, న్యూ మెక్సికో, వర్జీనియా వంటి కొన్ని రాష్ట్రాల్లో మాత్రం కోటిలో ఒకటి అనీ తేల్చారు. అవకాశం ఎంత చిన్నదైనా, ఫలితం 30 కోట్ల పైచిలుకు ప్రజల మీద పడుతుంది గనుక ఆ రెంటినీ గుణిస్తే ఓటు విలువ తక్కువేమీ కాదని దీనికి ఒక సమాధానం ఉంది. లెక్కగా అది సరైనదే గానీ, ఇంత గుణకారం చేసుకుని పోలింగ్ కేంద్రానికి బయలుదేరిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఇక 2000లో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో బుష్ అధ్యక్షుడైన సంగతిని ప్రతిసారీ ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. అది నిజమే అయినా 537 కూడా ఒకటి కాదు కదా!

నన్ను ఒప్పించిన కారణం వేరు. ఫలితం ముందే తెలిసిన రాష్ట్రం అని మనం చెప్పుకునేది ఎల్లకాలం అలాగే ఉండిపోదు. ఇదే కాలిఫోర్నియా 1968 నుంచి 1988 వరకు వరుసగా ఆరు ఎన్నికల్లో రిపబ్లికన్లకు పట్టం కట్టింది. వర్జీనియా 1968 నుంచి 2004 వరకు వారినే గెలిపించి 2008లో డెమొక్రాట్ ఒబామా వైపు తిరిగింది. జార్జియా సంగతి మరింత పరిశీలించదగినది. అక్కడ 2012లో రిపబ్లికన్ అభ్యర్థి రామ్నీ ఆధిక్యం 3 లక్షలు దాటింది, 2016లో ట్రంప్ ఆధిక్యం 2 లక్షల 11 వేలకు తగ్గింది, 2020లో డెమొక్రాట్ బైడెన్ 11,779 ఓట్లతో గెలిచారు. 2012లోనూ 2016లోనూ అక్కడ డెమొక్రాట్లకు పడిన ఓట్లు ఒక్క ఎలక్టోరల్ ఓటునూ తేలేదు. కానీ తేడా తరుగుతున్నదని పార్టీకి తెలిసింది ఆ ఓట్ల ద్వారానే. ప్రచారానికి మనుషులనూ డబ్బునూ ఏ రాష్ట్రానికి పంపాలో పార్టీలు ఇటువంటి అంకెలను చూసుకునే నిర్ణయించుకుంటాయి. దీనికి ఎదురు ఉదాహరణ ఫ్లోరిడాయే: 537 ఓట్ల దగ్గర దేశాన్నంతటినీ నిలబెట్టిన ఆ రాష్ట్రంలో 2024లో ట్రంప్ ఆధిక్యం 14 లక్షలు దాటింది.

ఓడిపోయే పక్షానికి వేసిన ఓటు గురించే కాదు, గెలవడం ఖాయమైన పక్షానికి వేసిన ఓటు గురించి కూడా ఇదే చెప్పవచ్చు. 2016లో హిల్లరీ క్లింటన్‌కు దేశం మొత్తం మీద ట్రంప్ కంటే 28 లక్షల పైచిలుకు ఓట్లు ఎక్కువగా వచ్చాయి. ఒక్క కాలిఫోర్నియాలోనే ఆమె ఆధిక్యం 42 లక్షలు దాటింది. అంటే, ఎలాగూ లెక్కలోకి రావని మనవాళ్లు అనే ఓట్లే లేకపోయి ఉంటే, ఎక్కువ మంది ఓట్లు పొందినవారు ఓడిపోయారన్న ఫిర్యాదుకే ఆధారం ఉండేది కాదు. 5 లక్షల పైచిలుకు జనాభా ఉన్న వయోమింగ్‌కు 3 ఎలక్టోరల్ ఓట్లు, దాదాపు 4 కోట్ల జనాభా ఉన్న కాలిఫోర్నియాకు 54 ఉండడం అన్యాయమని వాదించేవారికి ఆ 28 లక్షల అంకె ఇప్పటికీ ఆయుధమే. దేశవ్యాప్తంగా ఎక్కువ ఓట్లు వచ్చినవారికే తమ ఎలక్టోరల్ ఓట్లన్నీ ఇవ్వాలని కొన్ని రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందంలో కాలిఫోర్నియా 2011లోనే చేరింది, కానీ చేరిన రాష్ట్రాల బలం 270కి చేరితేనే అది అమలవుతుంది.

ఇంతకీ మన చేతికి వచ్చే బ్యాలెట్‌లో అధ్యక్ష పదవికి దక్కేది కొన్ని గడులే. ఆ కింద ప్రతినిధుల సభ, రాష్ట్ర శాసనసభ, స్కూల్ బోర్డు, ఆపైన ఓటర్లే నేరుగా అవునో కాదో తేల్చవలసిన, పేజీలకు పేజీలు నడిచే ప్రపోజిషన్లు ఉంటాయి. ఆ కింది వరుసల్లో ఒక్క ఓటుకు ఎంత బలముంటుందో వర్జీనియాలో 2017లో తెలిసింది. అది అధ్యక్ష ఎన్నికల సంవత్సరం కాదు. రాష్ట్ర శాసనసభ దిగువ సభకు జరిగిన ఎన్నికల్లో, 94వ నియోజకవర్గంలో రీకౌంట్ తర్వాత డెమొక్రాట్ అభ్యర్థి షెల్లీ సైమండ్స్ ఒక్క ఓటుతో గెలిచినట్టు తేలింది. మర్నాడు, రీకౌంట్‌లో పక్కన పెట్టిన ఒక బ్యాలెట్‌ను ముగ్గురు న్యాయమూర్తులు పరిశీలించారు: ఓటరు ఇద్దరి పేర్ల ఎదుటి గడులనూ నింపి, సైమండ్స్ గడి మీద ఒక గీత గీశాడు. ఆ ఓటు రిపబ్లికన్ అభ్యర్థి డేవిడ్ యాన్సీదేనని వారు తీర్పు చెప్పడంతో ఇద్దరికీ 11,608 చొప్పున సమానమయ్యాయి. 2018 జనవరిలో గిన్నెలోంచి చీటీ తీస్తే యాన్సీ గెలిచారు, సభలో రిపబ్లికన్లకు 51–49 ఆధిక్యం దక్కింది. ఆ ఓటరు ఎవరో గానీ, ఒక రాష్ట్ర శాసనసభ ఎవరి చేతిలో ఉండాలో ఆయన పెన్ను గీతతో తేలిపోయింది!

కింది వరుసల కోసమే ఓటు వేయమని నేనంటే పై గడి మాటేమిటని అడగవచ్చు. అభ్యర్థులిద్దరూ నచ్చనివారు ఆ గడిని ఖాళీగా వదిలేసి మిగిలినవాటికి ఓటు వేయవచ్చు, దానివల్ల తక్కిన ఓట్లు చెల్లకుండా పోవు. నేను మాత్రం పై గడిని కూడా నింపుతాను. వచ్చే నాలుగేళ్ల తర్వాత మా రాష్ట్రంలో తేడా ఎంతని ఏ పార్టీవారు లెక్క చూసుకున్నా అందులో నా అంకె కూడా ఉండాలన్నది నా పట్టుదల.