‘పిక్ అప్’: అర్థం చెప్పేది పక్కనున్న మాటే

ఈ క్రియకున్న అర్థాలన్నీ వరసపెట్టి బట్టీ కొట్టడం శుద్ధ దండగ. దాని పక్కన ఏ నామవాచకం ఉందో చూస్తే చాలావరకు తేలిపోతుంది.

‘పిక్ అప్ ద పెన్’ అంటే కింద పడ్డ పెన్ను తీయడం. పెన్ను బదులు ‘సమ్ మిల్క్’ పెడితే దారిలో ఆగి పాలు కొనుక్కురావడం. ‘ఎ కోల్డ్’ అయితే జలుబు అంటించుకోవడం, ‘స్పీడ్’ అయితే వేగం పుంజుకోవడం, ‘త్రీ వికెట్స్’ అయితే బౌలర్ మూడు వికెట్లు తీయడం. ‘పిక్ అప్ ద బిల్’ అంటే కాగితం చేతిలోకి తీసుకోవడం కాదు, అందరి డబ్బులూ తానే కట్టడం. ‘పిక్డ్ అప్ తమిళ్’ అంటే నలుగురి మధ్యా తిరుగుతూ, వింటూ వింటూ వంటబట్టించుకోవడం. నాలుగేళ్లు కాలేజీలో చదివిన ఇంజనీరింగ్‌కి ఈ మాట వాడకూడదు.

మనుషుల దగ్గరే జాగ్రత్త. చంటిపిల్లయితే ఎత్తుకోవడం, బడిపిల్లలైతే ఇంటికి తీసుకురావడం. కర్త పోలీసులైతే పట్టుకెళ్లడం! ‘హీ పిక్డ్ అప్ ఎ గర్ల్ ఎట్ ఎ బార్’ అంటే ముక్కూమొహం తెలియని అమ్మాయితో మాట కలిపి వెంట తీసుకెళ్లాడని. అందుకే మామూలు అర్థంలో చెప్పేటప్పుడు ‘ఫ్రమ్ ద స్టేషన్’ అని చోటు కూడా చేర్చడం మేలు.

కర్మ లేకుండా వచ్చినప్పుడు సాధారణంగా పుంజుకోవడమే: వ్యాపారం, గాలి, అమ్మకాలు. ఫోన్ సంగతి వేరు. ‘హీ ఈజ్ నాట్ పికింగ్ అప్’ అంటే ఫోన్ ఎత్తడం లేదని. మనవాళ్లు ‘లిఫ్టింగ్ ద ఫోన్’ అంటారు. అది ‘ఎత్తడం’ నుంచి వచ్చిన ఇంగ్లీషు. హైదరాబాద్ ఆఫీసులో అందరికీ అర్థమవుతుంది గానీ, అవతల అమెరికా క్లయింట్ ఉంటే ‘పికింగ్ అప్’ లేదా ‘ఆన్సరింగ్’ అనండి.

ఎక్కువమంది తప్పేది సర్వనామం దగ్గర. ‘ఐ విల్ పిక్ యూ అప్’ సరైనది, ‘పిక్ అప్ యూ’ కాదు. సర్వనామం మధ్యలోనే కూర్చోవాలి. పార్సెల్ లాంటి నామవాచకం మధ్యలోనైనా, చివరనైనా సరే. మరీ పొడుగు పదబంధమైతే చివరకే నెట్టండి. అయితే ‘పిక్ అప్ ఆన్’ అంటే పసిగట్టడం. దాన్ని విడదీయకూడదు, ‘పిక్ అప్ ఆన్ ఇట్’ అనే అనాలి.

రాతలో క్రియ రెండు ముక్కలు. భూతకాలం ‘పిక్డ్ అప్’; ‘పికప్డ్’ అనేది లేదు. పలికేటప్పుడు ఒత్తు, అంటే నొక్కి పలకడం, ‘అప్’ మీద పడుతుంది. కలిపి రాసే ‘పికప్’ నామవాచకం, దానికి ఒత్తు మొదట్లో. బండికి పికప్ లేదన్నప్పుడు మనం వాడేది ఈ నామవాచకాన్నే. ఆ అర్థం ఇంగ్లీషు నిఘంటువుల్లోనూ ఉంది. కలిపి రాసినదీ అసలైన మాటే కాబట్టి, క్రియ రావాల్సిన చోట అది పడినా స్పెల్‌చెక్ చాలాసార్లు ఎర్రగీత పెట్టదు. మెయిల్ పంపేముందు మీరే ఓసారి చూసుకోవాలి.