నా 15 అంగుళాల వెన్నూ, దానికి కుదిరిన బ్యాగూ

డార్జిలింగ్ వైపు కొండల్లోని సాందక్‌ఫూకి వీపున బ్యాగేసుకుని ట్రెక్ చేసొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా బీచ్ రోడ్డు వాకింగ్ గ్రూపులో ఒకటే మెసేజీ: "అక్కా, బ్యాగు లింకు పెట్టు." పెట్టను. నా ఒంటికి సరిపోయింది మీ ఒంటికి సరిపోతుందని నేనెలా చెప్పను? ఎలా ఎంచుకోవాలో మాత్రం చెబుతాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది, టీ పెట్టుకుని చదవండి.

జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్ళి "నేను ఐదడుగులుంటాను, కుట్టెయ్యి" అని ఎవరైనా అంటారా? బ్యాగు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎన్ని లీటర్లు, ఎన్ని గ్రాములు, ఎంత డిస్కౌంటు అని అడుగుతామే గానీ, ఒంటి కొలత ఊసే ఎత్తం. బ్యాగుకి కావలసింది మన ఎత్తు కాదు, వెన్ను పొడవు. తల ముందుకి వంచితే మెడ అడుగున ఒక ఎముక బొడిపెలా తేలుతుంది, టేపు అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి. రెండు చేతులూ తుంటి ఎముకల పైఅంచు మీద, బొటనవేళ్ళు వెనక్కి వచ్చేలా పెట్టుకోవాలి. ఆ రెండు వేళ్ళనీ కలుపుతూ ఒక గీత ఉందనుకుంటే, టేపు ఆ గీత దగ్గర ఆగాలి. వెన్ను వంపు వెంబడే పోనివ్వాలి, బిగించి లాగకూడదు. ఎవరికి వాళ్ళు కొలుచుకోవడం కుదరదు, ఇంకో మనిషి ఉండాలి.

నేను ఐదడుగులు. నా వెన్ను 15 అంగుళాలు, అంటే 38 సెంటీమీటర్లు. మా ఆడపడుచు నాకంటే అర అడుగు పొడుగు. ఆవిడ వెన్ను నాకన్నా అర అంగుళం తక్కువ! "వదినా, టేపు సరిగ్గా పట్టుకున్నావా?" అని మళ్ళీ కొలిపించుకుంది. సరిగ్గానే పట్టుకున్నాను. ఆవిడ పొడుగంతా కాళ్ళలో ఉంది. "పొడుగు మనిషివి, మగవాళ్ళ బ్యాగు తీసుకో" అని ఆవిడకి సలహా ఇచ్చినవాళ్ళెవరూ ఈ టేపు పట్టలేదన్నమాట.

ఈ కొలత మీద ఇంత పట్టుదల ఎందుకంటే, బరువులో ఎక్కువ భాగం మోయవలసింది భుజాలు కాదు, నడుము. బ్యాగుకి కింద నడుము చుట్టూ బిగించుకునే పట్టీ ఉంటుంది, అదే హిప్ బెల్ట్. దాని మెత్త సరిగ్గా మధ్యకి తుంటి ఎముక అంచు రావాలి. బ్యాగు వెన్ను మన వెన్నుకంటే పొడుగైతే బెల్ట్ పిరుదుల మీదకి జారిపోతుంది, బరువంతా భుజాలకి వేలాడుతుంది. పొట్టిదైతే బెల్ట్ పొట్ట మీదకెక్కి ఊపిరాడనివ్వదు. అప్పుడు బ్యాగు కిలోదైనా ఒకటే, రెండు కిలోలదైనా ఒకటే.

ఆడవాళ్ళ బ్యాగు అనగానే ఒక షాపులో కుర్రాడు గులాబీ రంగుది తీసి చూపించాడు. లోపల చూస్తే మగవాళ్ళ బ్యాగే, రంగు మారిందంతే. నిజంగా ఆడవాళ్ళ కోసం చేసినదైతే మూడు తేడాలు కనబడాలి. వెన్ను కొలతలు చిన్నవి దొరకాలి. భుజం పట్టీలు సన్నగా, మెడకి దగ్గరగా మొదలై, ఛాతీని ఒరుసుకోకుండా పక్కనుంచి ఒంపు తిరిగి చంక కిందకి పోవాలి. హిప్ బెల్ట్ తిన్నటి పట్టీలా కాకుండా నడుము దగ్గర బిగువుగా, తుంటి దగ్గర వెడల్పుగా ఏటవాలుగా ఉండాలి. డ్యూటర్ కంపెనీ వాళ్ళ బ్యాగు పేరు చివర ఎస్ఎల్ అని ఉంటే అది ఆడవాళ్ళ కొలత. దానికి ఒక గుడ్డపువ్వు కూడా తగిలించి ఇస్తారు, నాకు ఆ పువ్వంటే ఒళ్ళుమంట. ఆస్ప్రేలో మగవాళ్ళకి ఎక్సోస్ అయితే ఆడవాళ్ళకి ఈజా. గ్రెగరీలో మేవెన్. డెకథ్లాన్ ఫోర్‌క్లాజ్‌లో ఆడవాళ్ళవి విడిగా ఉంటాయి. అలాగని ఇదేమీ శాసనం కాదు. భుజాలు వెడల్పుగా, వెన్ను పొడుగ్గా ఉన్న ఆడవాళ్ళకి మగవాళ్ళ బ్యాగు హాయిగా ఉండొచ్చు, పొట్టి మగవాళ్ళకి మన బ్యాగు ఉండొచ్చు. చీటీ మీద పేరు కాదు, వెన్ను కొలత అంకె చూడండి.

ఇప్పుడు బరువు సంగతి. సామానుతో నిండిన బ్యాగు మన ఒంటి బరువులో అయిదో వంతు దాటకూడదని ట్రెక్కర్లు పాటించే ఒక లెక్కుంది. నేను 52 కిలోలు, కాబట్టి నా హద్దు 10 కిలోలు, కాస్త ఎక్కువ. ఖాళీ బ్యాగే 2.2 కిలోలుంటే హద్దులో అయిదో వంతు దానికే పోతుంది. ఎనభై కిలోల మగమనిషికి అదే బ్యాగు ఒక లెక్కలోది కాదు. అందుకే "ఒక కిలో తేడాకి అంత గొడవా" అనే మగవాళ్ళ మాట వినకండి. మనకి ఆ కిలో అంటే రోజంతా తాగే నీళ్ళలో ఒక లీటరు.

అలాగని అమెరికా వాళ్ళ బ్లాగులు చదివి ఆరేడు వందల గ్రాముల బ్యాగు తెప్పించుకోవద్దు. వాళ్ళ లెక్క వేరు. 4,200 కిలోమీటర్లు దాటే పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ లాంటి దారిలో టెంటు, తిండి, పొయ్యి అన్నీ వాళ్ళే మోసుకుంటారు. ఆ బ్యాగుల్లో చాలావాటికి లోపల ఫ్రేము ఉండదు. పడుకునే ఫోం చాపని మడిచి వీపు వైపు పెడితే అదే ఫ్రేములా పనిచేస్తుంది. మనం గ్రూపుతో హిమాలయాలకి వెళ్తే టెంటు, చాప, స్లీపింగ్ బ్యాగు క్యాంపులోనే ఇస్తారు. సాందక్‌ఫూ దారిలో అయితే హోమ్‌స్టేలూ ట్రెక్కర్స్ హట్‌లే. మన దగ్గర చాప ఉండదు, కాబట్టి ఆ బ్యాగు వీపు మీద గోనెసంచిలా కూలబడుతుంది. మన సామాను బరువు తక్కువ, ఉబ్బు ఎక్కువ. ఉన్ని బట్టలూ పఫ్ఫర్ జాకెట్టూనే కదా. మనకి 40 నుంచి 50 లీటర్లు, లోపల సన్నటి ఫ్రేము, ఖాళీ బరువు 1.2 నుంచి 1.8 కిలోల మధ్య. ఈ పరిధిలో వెతికితే చాలు.

ఆ పరిధిలో నేను చివరికి రెంటి మధ్య ఊగాను. ఒకటి కిలోంబావు, వీపు వైపు జాలీ, అంటే బిగించి కట్టిన వలగుడ్డ, ఉన్నది. ఇంకోటి పావు తక్కువ రెండు కిలోలు, వీపుకి ఫోం మెత్తలు, వెన్ను కొలత పైకీ కిందకీ జరుపుకోవచ్చు. జాలీదానికి గాలి ఆడుతుంది, చెమట ఆరుతుంది. మన విశాఖ ఉక్కలో అది వరమే. కానీ గాలి ఆడేలా జాలీకీ బ్యాగుకీ మధ్య ఖాళీ ఉండాలంటే బరువు మననుంచి వెనక్కి జరగాలి. బిఖేభంజన్ నుంచి సాందక్‌ఫూకి ఎక్కే నిటారైన ఎక్కుడు లాంటి చోట బరువు వెనక్కి లాగుతుంటే నేను ముందుకి వంగి నడవాలి. అక్కడ, 3,636 మీటర్ల ఎత్తులో, చెమట నా సమస్య కాదు. బరువైనదే కొన్నాను. ఎనిమిది కిలోలు నింపి రెండూ మార్చి మార్చి వేసుకుంటే బరువైనదే తేలిగ్గా ఉంది. మీరు నల్లమల వైపో, పడమటి కనుమల్లోనో ఎక్కువ తిరిగేవాళ్ళయితే జాలీదే తీసుకోమంటాను.

ఏ రివ్యూలోనూ కనబడని సంగతులు కొన్ని ఉన్నాయి. రివ్యూలు రాసేవాళ్ళకి జడలు లేవేమో. బ్యాగు పై మూత నిండుగా ఉంటే ముడి వేసుకున్న జుట్టుకి, క్లచ్చర్‌కి తగులుతూ తల ఎత్తనివ్వదు. ఎక్కుడులో తల ఎత్తకపోతే దారి కనబడదు. జడ కిందకి వదిలి ముందుకి వేసుకోండి, లేదా మూత తీసేయగలిగే బ్యాగు చూడండి. మూత తీస్తే బరువూ కొంత తగ్గుతుంది. బొందు కట్టే ప్యాంటు వేసుకుంటే ముడి సరిగ్గా హిప్ బెల్ట్ కిందకి వచ్చి సాయంత్రానికి ఒరుసుకుపోతుంది. వెడల్పాటి ఎలాస్టిక్ ఉన్నది మేలు. హుక్కుల బ్రా కూడా అంతే, వీపు మెత్త కింద ప్రతి హుక్కూ తెలుస్తుంది. రెండు భుజం పట్టీల్నీ ముందు కలిపే చెస్ట్ స్ట్రాప్ పైకి జరిగేది కావాలి, కాలర్ ఎముకకి రెండు మూడు వేళ్ళ కిందకి రావాలి. ఛాతీ మీదుగా పోయే స్ట్రాప్ బిగిస్తే ఊపిరి చాలదు. ఇక చేతులు పొట్టివాళ్ళు పక్క జేబులోంచి బాటిల్ తీసి చూడండి, బ్యాగు దింపకుండా అందాలి. అందకపోతే నీళ్ళు తాగడం వాయిదా వేస్తాం, ఎత్తులో అది మంచిది కాదు.

నెలసరి గురించి కూడా అడిగారు ఇద్దరు. ఎత్తుకి వెళ్తే తేదీ అటూఇటూ కావచ్చు, అందుకని టైం కాకపోయినా పట్టుకెళ్తాను. కొత్త ప్యాడ్లు హిప్ బెల్ట్ జేబులో, వాడినవి న్యూస్‌పేపర్లో చుట్టి, జిప్‌లాక్‌లో పెట్టి, నల్ల కవరులో దించి, బ్యాగు ముందున్న సాగే జేబులో. కిందకి తెచ్చి పారేయాల్సిందే, కొండ మీద పాతిపెట్టకూడదు. అందుకే ముందు జేబు లేని బ్యాగు, ఎంత తేలికదైనా, నాకొద్దు.

రెయిన్ కవర్ గురించి ఒక్క మాట: గాలికి ఎగిరిపోతుంది, పైగా వాన నీళ్ళు వీపుకీ బ్యాగుకీ మధ్యనుంచే లోపలికి దిగుతాయి. లోపల ఒక పెద్ద గార్బేజ్ కవరు పరిచి అందులో బట్టలు సర్దుకోండి.

కొన్న వెంటనే ట్యాగు తెంపకండి. ఐదు కిలోల బియ్యం, మూడు కిలోల కందిపప్పు దుప్పట్లలో చుట్టి, బ్యాగు నడిమధ్యలో, వీపుకి దగ్గరగా పెట్టండి. పట్టీలన్నీ వదులు చేసి ముందు హిప్ బెల్ట్ బిగించాలి, తర్వాత భుజాలు, తర్వాత భుజాల పైనుండి బ్యాగు పైభాగాన్ని మనవైపు లాగే చిన్న పట్టీలు (లోడ్ లిఫ్టర్లు), చివర్న చెస్ట్ స్ట్రాప్. అపార్ట్‌మెంట్ మెట్లు అరగంట ఎక్కి దిగండి. వాచ్‌మన్ భార్య "లిఫ్టు పనిచేస్తోందమ్మా" అంటుంది, అననివ్వండి. భుజాలు నొప్పెడితే వెన్ను కొలత సరిచూడండి, అప్పటికీ కుదరకపోతే వాపసు. అసలు పరీక్షకి నాకు తెలిసిన మంచి చోటు అలిపిరి, మూడున్నర వేల మెట్లు. కింద టీటీడీ వాళ్ళు సామాను ఉచితంగా పైకి పంపుతామంటారు, నేను మాత్రం ఎనిమిది కిలోలు వీపునేసుకుని ఎక్కాను. ఒక పెద్దాయన "ఏం మొక్కుకున్నావమ్మా" అని అడిగారు.

ధరలకి భయపడితే ముందు అద్దెకి తీసుకోండి, ట్రెక్ నడిపే గ్రూపులు చాలావరకు ఇస్తాయి. కాకపోతే అద్దె బ్యాగులు ఎక్కువగా ఒకే సైజు. మీ వెన్ను కొలత ముందే మెయిల్లో రాసి, సరిపడేది ఉందా అని అడగండి. సొంతది కొన్నాక నడుం పట్టీల చివర్లు బారుగా వేలాడుతున్నాయని కత్తిరించెయ్యకండి. డిసెంబరులో లోపల రెండు జాకెట్లు వేసినప్పుడు ఆ జానెడూ కావాలి. చుట్టి రబ్బరు బ్యాండు వేయండి, చాలు.