పక్క విశ్వం తాకిన మచ్చ ఎలా వెతుకుతారు?

బహుళ విశ్వాల మాట ఎత్తగానే, పరీక్షకు నిలవనిది సైన్స్ ఎలా అవుతుందని కొట్టిపారేస్తారు. చాలావరకు న్యాయమైన ఆక్షేపణే. కానీ శాశ్వత ఇన్‌ఫ్లేషన్ సిద్ధాంతం చెప్పే బుడగ విశ్వాల విషయంలో అది సగమే నిజం. తొలి క్షణాల అతివేగ వ్యాకోచం (ఇన్‌ఫ్లేషన్) మొత్తంగా ఎప్పటికీ ఆగదని, అక్కడక్కడా ఆగినచోట మనలాంటి విశ్వం ఒక బుడగలా పుడుతుందని ఆ సిద్ధాంతం అంటుంది. మన బుడగను మరో బుడగ తాకి ఉంటే, ఆ దెబ్బ ఆకాశంలో గుండ్రటి మచ్చగా మిగిలి ఉండొచ్చు.

వెతకాల్సింది 2.725 కెల్విన్ల మైక్రోవేవ్ నేపథ్య కాంతిలో, అంటే శిశు విశ్వం నుంచి మిగిలి ఆకాశమంతా పరుచుకున్న వెలుగులో. అందులో ఉష్ణోగ్రత హెచ్చుతగ్గులు లక్షలో ఒక వంతు. ముందు పాలపుంత ధూళి అడ్డొచ్చే పట్టీని పక్కన పెట్టాలి. మిగిలిన ఆకాశమంతా రకరకాల వ్యాసార్థాల వృత్తాలతో గాలించాలి. లోపల ఉష్ణోగ్రత నెమ్మదిగా మారుతూ వచ్చి, అంచు దగ్గర ఠక్కున తెగిందా అన్నది చూడాలి. తరువాత బుడగలే లేని కృత్రిమ ఆకాశాలు తయారుచేసి, పరికరం రొద కూడా కలిపి, అదే ప్రోగ్రాం నడపాలి. కాకతాళీయంగా ఎన్ని మచ్చలు కనిపిస్తాయో అప్పుడే తెలుస్తుంది. ఈ మెట్టు చేయకుండా వదిలేస్తే ప్రతి మచ్చా పక్క విశ్వమే!

2011లో విశ్వశాస్త్రవేత్తలు స్టీఫెన్ ఫీనీ, హిరణ్య పీరిస్ తదితరులు, ఈ కాంతిని కొలిచిన డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహం ఏడేళ్ల డేటాను ఇలాగే జల్లెడ పట్టారు. ఆధారం దొరకలేదు. ఆకాశం మొత్తంలో గుర్తించగల తాకిడుల సగటు 1.6 లోపేనని, 68 శాతం విశ్వాసంతో తేల్చారు.

ఎరిడానస్ నక్షత్రరాశి వైపు 2004లో బయటపడ్డ చల్లటి మచ్చ సంగతేమిటని అడుగుతారు. మచ్చను ముందు చూసి, ఆ తరువాత దానికి సరిపోయే పరీక్ష ఎంచుకుంటే అరుదైనదిగానే తేలుతుంది. నేను దాన్ని సాక్ష్యంగా లెక్కపెట్టను.

అసలు అడ్డంకి టెలిస్కోపుది కాదు. మనకున్నది ఒకటే ఆకాశం. హెచ్చుతగ్గులను కోణీయ పరిమాణాన్ని బట్టి విడదీసి, ఒక్కో పరిమాణానికి మల్టీపోల్ సంఖ్య ఎల్ ఇస్తారు; ఎల్ చిన్నదైతే మచ్చలు పెద్దవి. ఒక్కో ఎల్‌కు దొరికే స్వతంత్ర కొలతలు 2ఎల్+1 మాత్రమే. ఎల్=2 దగ్గర ఐదే కాబట్టి, వర్ణపటం విలువలో (ఆ పరిమాణపు హెచ్చుతగ్గుల బలంలో) 63 శాతం అనిశ్చితి తప్పదు. ఎల్=1000 దగ్గర అది 3 శాతానికి దిగుతుంది. పెద్ద మచ్చలు పడేది చిన్న ఎల్ దగ్గరే, అదీ చిక్కు. అక్కడ ఉష్ణోగ్రత కొలతల్లో ప్లాంక్ ఉపగ్రహం ఇప్పటికే ఈ హద్దును చేరింది. ఇంకా పిండుకోగలిగేది ధ్రువణంలోనే, అంటే ఆ కాంతి తరంగాలు ఏ దిశలో కంపిస్తున్నాయన్న కొలతలోనే.

అది కూడా ఒకవైపు పరీక్షే. మచ్చ దొరికితే పెద్ద వార్త. దొరకకపోతే, మన బుడగలో ఇన్‌ఫ్లేషన్ మరికాస్త ఎక్కువసేపు సాగి ఆ గుర్తును చెరిపేసిందని సిద్ధాంతం తప్పించుకోగలదు.